పెన్నా దాటివచ్చిన మాటల రైలు

ఎర్రగుంట్ల కూడలియందు ముంబయి–చెన్నై ప్రధానమార్గమును విడిచి, పెన్నానదిని దాటి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగులను పలుకరించి, సంజామల, కోవెలకుంట్ల, బనగానపల్లెల మీదుగా నంద్యాల చేరుకొను 123 కిలోమీటర్ల రైలుమార్గము, 1996–97వ సంవత్సరమున మంజూరై, ఇంచుమించు ఇరువది యేండ్లపాటు కాగితముల మీదను, మట్టికట్టల మీదను మెల్లమెల్లగా సాగి, తుదకు 2016 ఆగస్టు మాసమున ప్రయాణికులకు అందివచ్చినది. మద్రాసు రైల్వే కంపెనీ వేసిన పట్టాలును, బొంబాయి నుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీ పట్టాలును రాయచూరు వద్ద కలిసినది 1871లో. అనగా ఎర్రగుంట్ల, ముద్దనూరు ప్రజలు నూటయేబది యేండ్లుగా వినుచున్న రైలుకూత, పెన్నకు ఆవలి ఒడ్డుననున్న ప్రొద్దుటూరు పిల్లలకు సొంత ఊరి చప్పుడైనది నిన్న మొన్ననే యన్నమాట. బంగారు వ్యాపారమున రెండవ బొంబాయి యని పేరుపొందిన పట్టణమునకు, గండికోట కొండల నీడనున్న జమ్మలమడుగునకు, ఈ రైలు పెద్దలకు తిరుపతి ప్రయాణముగాను, విజయవాడ ప్రయాణముగాను కనబడియుండవచ్చును. నాలుగైదేండ్ల పసివారికి మాత్రము అది వేరొక వస్తువు. అది ఇంటికి వచ్చిన చుట్టము. దానికి కన్నులున్నవి, దానికి ఆకలి కలదు, ఆగినప్పుడు అది అలసినది, కూసినప్పుడు అది ఎవరినో పిలిచినది.

పసివాని కంటికి కదలు వస్తువెల్ల ప్రాణముగల వస్తువే యనునది స్విట్జర్లాండు మనోవైజ్ఞానికుడు జాఁ పియాజే 1926లో వెలువరించిన గ్రంథమున విపులముగా చర్చించిన విషయము. మేఘము తన యిష్టముచేత పోవుననియు, చంద్రుడు తనతో నడుచుననియు తలంచు ఆ వయస్సుననే, కదలుటయేగాక కూయుచు, బుసకొట్టుచు, వేళకు వచ్చుచు, వేళ తప్పినచో పెద్దలచేత తిట్లు తినుచునుండు రైలు, వానికి మనిషివలె తోచుటలో ఆశ్చర్యమేమున్నది? వీధిలో ఒకరి చొక్కా నొకరు పట్టుకొని వరుసగా పరుగెత్తు పిల్లలలో ముందున్నవాడు ఇంజనై కూత వేయును, చివరనున్నవాడు గార్డై చేయి ఊపును. ఆ ఆటకు ఎవరును పాఠము చెప్పలేదు.

ఈ బాల్యకల్పనను కథగా మలచి ప్రపంచమునకు ఇచ్చినవారిలో అగ్రగణ్యుడు ఇంగ్లండులోని ఒక క్రైస్తవ మతాచార్యుడు. 1911లో జన్మించిన విల్బర్ట్ ఆడ్రీ బాల్యము విల్ట్‌షైరు మండలములోని బాక్స్ అను గ్రామమున రైలుమార్గమునకు సమీపమున గడచినది. ఆ చోట సొరంగము వైపు పట్టాలు ఎగువకు సాగును. బరువైన గూడ్సుబండి రాత్రివేళ వచ్చి ఆ ఎగువ ఎక్కలేక నిలిచినప్పుడు, వెనుకనుండి త్రోయుటకు మరియొక ఇంజను వచ్చి చేరును. ముందరి ఇంజను ఈలవేసి అడుగును, వెనుకది ఈలవేసి బదులు చెప్పును, పిమ్మట రెండును రొప్పుచు, రోజుచు ఒక్కటిగా కదలును. పక్కమీద పడుకొని ఆ చప్పుడు వినుచున్న బాలునకు అది యంత్రముల శబ్దముగాక ఇద్దరి సంభాషణగా వినబడినది. చాల యేండ్లకు తన కుమారుడు క్రిస్టఫర్‌కు తట్టు పోసి చీకటిగదిలో పడుకొనవలసి వచ్చినప్పుడు, వాని విసుగు పోగొట్టుటకు ఆడ్రీ ఆ ఇంజన్ల కథలనే చెప్పినాడు. పిల్లవాడు ఊరకుండక, ఆ ఇంజను పేరేమి, నిన్న అట్లు చెప్పితివి గదా, ఇవాళ మార్చితివేమి, అని నిలదీయగా, తప్పుపడకుండుటకై ఆ తండ్రి కథలను కాగితము మీద పెట్టవలసివచ్చినది. మన జేజిలకు ఈ బాధ కొత్తది గాదు. నిన్నటి కథలో ఒక్క మాట మారినను, జేజిని ఆపి సరిదిద్దనిదే నిద్రపోని మనుమలు ప్రతి యింటను కలరు.

భార్య మార్గరెట్ ప్రోద్బలముచేత ఆ కథలు 1945లో మూడు ఇంజన్ల పుస్తకముగా వెలువడినవి. మరుసటి యేడు వచ్చిన రెండవ పుస్తకములో థామస్ అను చిన్న ఇంజను ప్రత్యక్షమైనది. 1972 నాటికి ఆడ్రీ వ్రాసినవి ఇరువదియారు పుస్తకములు. 1984లో అవి టెలివిజన్ బొమ్మలై, ఇంటింటికిని చేరినవి. 2016లో వచ్చిన చలనచిత్రమున మన నీలగిరి పర్వత రైల్వే ఇంజనును పోలిన అషీమా అను భారతీయ పాత్రకును అందులో చోటు దొరికినది. అయినను, ఆ విస్తారమునంతను ప్రక్కకుపెట్టి, మొదటి పుస్తకములోని ఒక చిన్న కథ చాలును ఆ రచయిత హృదయము తెలియుటకు. గార్డన్ అనునది పెద్ద ఇంజను, ఎక్స్‌ప్రెస్ లాగుననుటచే గర్వము గలది. గూడ్సు లాగవలసివచ్చినందుకు అలిగి కొండ నడుమ నిలిచిపోవును. ఎడ్వర్డ్ అను ముసలి చిన్న ఇంజను వెనుకనుండి త్రోసి, ఆయాసపడుచు దానిని కొండ యెక్కించును. శిఖరము చేరిన గార్డన్ వెనుదిరిగి ఒక్క మంచిమాటయైనను పలుకక పరుగెత్తిపోవును. సహాయము చేసినవానికి కృతజ్ఞత దొరకకపోవచ్చునని, దొరకకున్నను ఆ పని జరిగియే తీరవలెనని, నాలుగేండ్ల పిల్లవానికి ఇంత సూటిగా చెప్పిన కథలు బహు తక్కువ. బాక్స్ గ్రామపు రాత్రియే ఆ కథలో మరల జన్మించినదని వేరుగ చెప్పవలెనా?

ఎర్రగుంట్లకు వచ్చు ముంబయి బండ్లకు కూడ ఇట్టి అనుభవమే కలదు. కర్జత్ నుండి లోనావాలా వరకు భోర్ ఘాటు ఎక్కునప్పుడు, ముప్పదియేడు అడుగులకు ఒక అడుగు చొప్పున లేచు ఆ నిట్రముమీద, ముందరి ఇంజను ఒంటరిగా లాగజాలదు. అందుకై కర్జత్‌లో వెనుకవైపున సహాయపు ఇంజన్లను తగిలించి, కొండపైకి త్రోయించి, లోనావాలాలో విడిపింతురు. అవి తమ పని ముగించుకొని క్రిందికి దిగిపోవును. బండి పుణె, షోలాపూరు, రాయచూరు, గుంతకల్లుల మీదుగా మన సీమకు వచ్చును. ఆ బండిని చూచుచున్న కడప జిల్లా బాలునికి, ఇది కొండలలో ఎవరో త్రోయగా వచ్చిన బండి యని చెప్పుట అబద్ధము గాదు, కల్పనయు గాదు.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. స్నేహము, పరోపకారము అనువానిని పిల్లల రైలుకథలలో రచయితలు పైనుండి తెచ్చి అతికించుచున్నారని పలువురు తలంతురు. నిజమునకు రైల్వే వ్యవస్థ సమస్తము ఒకరి క్షేమమును మరొకరు కాపాడుటమీదనే నడచుచున్నది. ఒంటిదారి లైనుమీద ఎదురెదురుగా వచ్చు రెండు బండ్లలో ఒకటి స్టేషనులోని లూపులైనులో తొలగి నిలుచును, రెండవది సాగిపోవును. బండిలోనివారు “క్రాసింగు పడినది” అని విసుగుకొందురు. నిలిచిన బండి నిలువకపోయినచో ఏమగునో వారు తలంపరు. సిగ్నలు చూచు లోకోపైలటు, పచ్చజెండా చూపు స్టేషను సిబ్బంది, వేకువనే పట్టాలవెంట నడచుచు వదులైన బందులను బిగించు కీమ్యాను, గేటు మూయు గేట్‌మ్యాను, వీరిలో ఏ ఒక్కరును బండిలోని ప్రయాణికుల పేర్లెరుగరు, ముఖములెరుగరు. ఎరుగని వారికై మెలకువగా నుండుట వారి ఉద్యోగము.

ఇంకొక నియమము నాకు మిక్కిలి ప్రియమైనది. నడిదారిలో ఏ ఉపద్రవము చేతనో బండి నిలిచిపోయి, ప్రక్కపట్టాలకును అడ్డు వచ్చినచో, ఆ బండి సిబ్బంది మొదట తలంపవలసినది తమ బండిని గూర్చి గాదు, రానున్న బండిని గూర్చి. లోకోపైలటు వెంటవెంట పొట్టి ఈలలు వేసి అపాయము చాటును; సిబ్బంది పట్టాలవెంట పరుగుదీసి, ఆరువందల మీటర్ల దూరమున ఒక డిటోనేటరును, పన్నెండువందల మీటర్ల దూరమున పదేసి మీటర్ల ఎడముతో మూడింటిని పట్టామీద అమర్తురు. వచ్చుచున్న బండిచక్రము వానిమీద పడగానే అవి పెద్దగా ప్రేలి, ఆగుమని హెచ్చరించును. కష్టములోనున్న బండి మరొక బండిని రక్షించుటకు చేయు ఈ ప్రయత్నమును నియమపుస్తకమునుండి తీసి, ఇంజన్లకు నోరిచ్చి చెప్పినచో, అంతకుమించిన సాహసగాథ పిల్లలకు మరేమి కావలెను?

మాటలాడు ఇంజను మనకు పరదేశి గాదు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. అందలి మిత్రలాభమున కాకియు, ఎలుకయు, తాబేలును, లేడియు మాటలాడుకొనుటయేగాక, ఒకరికొకరు ప్రాణములడ్డుపెట్టి రక్షించుకొన్నవి. వలలో చిక్కిన కపోతరాజు చిత్రగ్రీవుడు, వల కొరుకుటకు వచ్చిన మిత్రుడు హిరణ్యకునితో, మొదట నా పరివారపు బంధములు కొరికి పిదప నా వంక చూడుమనును. ఎలుక చిన్నది, దాని పండ్లు చిన్నవి, రాజు మాటయో పెద్దది. ఆ హిరణ్యకుడే తరువాత కాకి స్నేహము కోరివచ్చినప్పుడు, నీవు నన్ను తినువాడవు, మనకు మైత్రి యెట్లు కుదురునని శంకించును. స్నేహము పుట్టుటకు ముందు భయముండుట, ఆ భయము మాటలచేత, కార్యములచేత క్రమముగా కరగుట, పిల్లల కథలో ఇంతకన్న సత్యముగా ఎవరు చూపినారు? చిన్నయసూరి చేతిలో ఎలుకకు పలుకు వచ్చిన దేశమున, డెము ప్రయాణికుల బండికి పలుకు వచ్చుటకు అడ్డేమున్నది?

1947 జూలైలో చక్రపాణితో కలసి చందమామను స్థాపించిన బి. నాగిరెడ్డిది ఈ కడప జిల్లాయే. ఆ పత్రిక రాజులను, బేతాళుని, జమీందారులను, తెలివిగల కోడళ్లను తెలుగు బాల్యమునకు శాశ్వతముగా ఇచ్చినది. దానికి రెండేండ్ల ముందే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అనగా మన రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య, ‘బాల’ పత్రికను నడపి పిల్లల గొంతునే పిల్లలకు వినిపించినారు. ఇంతటి సంపదకు వారసులమైన మనము, ఇంటి ముందరికి వచ్చిన యంత్రమును కథలోనికి పిలుచుటలో వెనుకబడితిమి. నేటి ప్రొద్దుటూరు పసివాడు సెల్‌ఫోనులో చూచు మాటల రైళ్లు మంచు కురియు ఊళ్లలో తిరుగుచు, ఎన్నడును ఎండ యెరుగని ముఖములతో నవ్వుచుండును. అవి చెడ్డవని నేననను. కాని మేమాసపు మిట్టమధ్యాహ్నము పట్టాలు కాలుచుండగా, నాపరాళ్ల గనుల ధూళి రేగుచుండగా, ఇసుక మాత్రమే మిగిలిన పెన్నమీద బండి పోవునప్పటి ముచ్చట వానికి ఎవరు చెప్పవలెను?

చెప్పువారికి సామగ్రి కొరతలేదు. ముద్దనూరు, ఎర్రగుంట్లల నడుమ నున్న థర్మల్ విద్యుత్కేంద్రమునకు నల్లని బొగ్గు మోయు గూడ్సు కలదు. ఒడలంతయు బూడిదరంగు పూసికొని సిమెంటు కర్మాగారములనుండి వచ్చునది మరొకటి. ఆ రెంటి నడుమ, బడిపిల్లలను, పూలగంపలను, తిరుపతి మొక్కులను మోసికొని తిరుగు ప్రయాణికుల బండి. జమ్మలమడుగులో క్రాసింగు పడినప్పుడు ప్రయాణికుల బండికిని బొగ్గుబండికిని నడుమ జరుగు మాటలు ఇట్లుండునని నేనూహింతును.

“ఏమబ్బా, ఇంత బరువు ఎత్తుకొని యాడికి పోతాండావు?”

“దూరం పోవాలప్పా. నువ్వు ముందు పో, నీలో పిల్లోల్లు ఉండారు గదా.”

“వాళ్లకు కిటికీలుండాయి, చూస్తా కూచ్చుంటారు. నువ్వు ఆగితే మళ్లా కదిలేదానికి శానా కష్టం. నువ్వే పో, నేను ఈడ్నే నిలబడ్తా.”

బొగ్గుబండి కదలిపోవును. ప్రయాణికుల బండిలో ఒక బాలుడు, మనమెందుకు నిలిచితిమని జేజిని అడుగును, జేజి కారణమెరుగదు, బండి యెరుగును. కథ ఇంతమాత్రమే. దీనికి చివర నీతివాక్యము చేర్చినచో కథ చచ్చిపోవును. బరువుతో ఆగిన గూడ్సు మరల కదలుట నిజముగనే కష్టమని, అందుచే దానికి దారి వదలుట ఉపకారమని పిల్లవానికి తెలిసినచో చాలును. ఉపకారమనగా ఎదుటివాని కష్టమేదో కనిపెట్టుటయే గదా.

పులివెందుల మాట వేరు. ఆ పట్టణమునకు నేటికిని రైలుస్టేషను లేదు. రైలెక్కవలెనన్నచో బస్సులో ముద్దనూరుకు పోవలసినదే. కాని 2020 జనవరి చివర, తాడిపత్రి స్టేషనునుండి ముంబయి సమీపమున నున్న జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవునకు 43 శీతల కంటెయినర్లలో 980 టన్నుల అరటిపండ్లు మోసికొని పోయిన బండిలో, అనంతపురము తోటల పంటతో బాటు పులివెందుల ప్రాంతపు అరటియు కలదు. ఊరికి రాని రైలు ఊరిపంటను సముద్రము వరకు చేర్చినది! తోటనుండి గెలలు మోసిన లారీకిని, తాడిపత్రిలో వేచియున్న బండికిని, రేవులో నిలిచిన ఓడకును నడుమ జరుగు మైత్రిని ఒక్క పుస్తకముగా వ్రాసినచో, పులివెందుల పిల్లవాడు ఆ కథలో బయటివాడు కాడు. ఇంటిదగ్గర రైలులేని పిల్లలకే రైలుకథ మరింత అవసరమని నా నమ్మకము. ముద్దనూరు చేరవలసిన పల్లెవెలుగు బస్సు చక్రము గాలి పోయి దారిలో నిలిచినచో, దూరమునుండి రైలు కూయుచుండగా, ఎదురువచ్చిన ట్రాక్టరు ఏమి చేసినది? ఈ ప్రశ్న ఒక్కటి పిల్లలముందు పెట్టి మాటాడక ఊరకుండుడు. మిగిలిన కథ వారే చెప్పెదరు.

విదేశపు కథలనుండి మనము గ్రహింపరానివి కూడ కొన్ని యున్నవి. ఆడ్రీ మొదటి పుస్తకముననే హెన్రీ అను ఇంజను, వానకు తన రంగు చెడునని సొరంగమునుండి వెలికిరానన్నందుకు, దానిని అక్కడనే గోడకట్టి బంధింతురు. తరువాత గార్డన్ మార్గమధ్యమున చెడినప్పుడు హెన్రీని విడిపించి సహాయమునకు పిలుతురు గాని, ఆ గోడ పసివాని మనస్సున నిలిచిపోవును. అంతకన్న సున్నితమైన చిక్కు మరొకటి కలదు: ఆ లోకమున ఇంజనుకు గౌరవము అది పనికివచ్చినంతవరకే. పనికివచ్చు ఇంజను కావలెనను తపన ప్రతి పుటలోను కనబడును. పిల్లవానిని మనము ప్రేమించునది వాడు పనికివచ్చుటచేత కాదు గదా! మన కథలోని బండి ఒకనాడు చెడిపోయి, ఎవరికిని ఏమియు చేయజాలక షెడ్డులో పడియున్నప్పుడు, మిగిలిన బండ్లు వచ్చి దానికి ఊరి కబుర్లు చెప్పవలెను. 1967లో సోవియట్ దేశమున వచ్చిన రొమాష్కొవో చిట్టి ఇంజను బొమ్మల చిత్రమున, ఆ ఇంజను పిట్టపాట వినుటకు దారిలో నిలిచిపోవును, వేళ తప్పును, అయినను ప్రయాణికులు దానిని క్షమింతురు. రష్యను పిల్లల పుస్తకములను రెండు తరములపాటు ఆప్యాయముగ చదివిన తెలుగు ఇండ్లకు ఆ స్వభావము అపరిచితము కాదు. అమెరికాలో 1930లో వెలువడిన చిన్న నీలి ఇంజను కథలో పెద్ద ఇంజన్లన్నియు కాదనగా ఆ చిన్నది బొమ్మల బండిని కొండ దాటించును. పట్టుదలకు అది మంచి కథయే, కాని మిత్రలాభపు ఎలుకవలె అదియు చిన్నదియై పెద్దపని చేసినదనుటలోనే నాకు దానిమీద మక్కువ.

జాగ్రత్త యొకటి. మాటలాడు రైలును ప్రేమించిన పసివాడు దాని దగ్గరకు పరుగెత్తును. బ్రాడ్‌గేజి మార్గములమీద కాపలాలేని లెవెల్‌క్రాసింగులను 2019 జనవరి నాటికే తొలగించినారు. అయినను పట్టాలు దాటు తొందర పెద్దలలోనే పోలేదు. అందుచే మన కథలోని రైలు తన నోటితోనే చెప్పవలెను: “నేను నిన్ను చూసినా వెంటనే ఆగలేనబ్బా, గేటు కాడ్నే నిలబడి చెయ్యి ఊపు, నేను కూత ఏస్తా.” రైలు నిస్సహాయత నెరిగి దానికి సహాయము చేయుటయని ఈ మాటను గ్రహించు పిల్లవాడు గేటుదగ్గర నిలుచును, అదిలించినందుకు నిలిచినవాడు అదిలించువారు లేనప్పుడు దూరును.

ఇక భాష మాట. పైన బండ్లచేత కడప యాసలో మాటలాడించినందుకు కొందరు బడిపంతుళ్లు నొసలు చిట్లింపవచ్చును. నేను వ్రాయు ఈ వాక్యములు గ్రంథభాషకు దగ్గరివి. అది నా అలవాటు, నా ప్రీతి. పుట్టపర్తి నారాయణాచార్యులవారు నివసించిన ప్రొద్దుటూరులో సంస్కృతపు గాంభీర్యమును తక్కువచేసి మాటాడుటకు ఎవరికి నోరు వచ్చును? కాని ఆ గాంభీర్యమును రుచిచూడవలసిన పిల్లవాడు మొదట పుస్తకమును తనదిగా భావింపవలెను. కథ చెప్పువాని మాట తేటగానుండి, బండ్ల మాట జేజి మాటవలె నున్నచో, ఆ రెండు భాషలును వానికి ఒక్కసారియే దక్కును.

కావలసినది పెద్ద సన్నాహము గాదు. పదునారు పుటలు, పుటకు మూడు నాలుగు పంక్తులు, పెద్ద అక్షరములు, మిగిలినదంతయు బొమ్మ. చేతినుండి జారినను చినుగని దళసరి కాగితము. చిత్రకారుడు విదేశపు ఆవిరి ఇంజనును చూచి గీయక, ప్రొద్దుటూరు ప్లాట్‌ఫారముమీద నిలిచి డెము ముఖమును, స్టేషను పేరు వ్రాసిన పసుపుపచ్చని ఫలకమును చూచి గీయవలెను. వ్రాసినవారు అచ్చునకు ఇచ్చుటకు ముందు ఒక అంగన్‌వాడీలో కూర్చుండి బిగ్గరగా చదివి, పిల్లలు ఎక్కడ దిక్కులు చూచినారో అక్కడ కొట్టివేయవలెను. ఎక్కడ మధ్యలో దూరి తామే చెప్పసాగినారో అక్కడ వారి మాటనే వ్రాసికొనవలెను. జిల్లాలో కథకులకు కొదువలేదు, చిత్రకారులకు కొదువలేదు, అచ్చుయంత్రములు ప్రొద్దుటూరులోనే యున్నవి. రానున్న వేసవి సెలవులకు మొదటి పుస్తకము సిద్ధము కావచ్చును.